చిరునామా ఇచ్చినవారిని మరిచిపోయే ప్రచారాలు

సంస్థల ఆన్‌లైన్ ప్రచారాలను తయారు చేయడం, సరిదిద్దడం నా వృత్తి కావడం వల్ల రకరకాల ఈమెయిల్ ప్రచారాల లోపలి లెక్కలను చూసే అవకాశం నాకు కలుగుతూ ఉంటుంది. చిన్న సంస్థ అయినా పెద్దదైనా, లాభం కోసం పనిచేసేదైనా విరాళాల మీద నడిచేదైనా, అవి చేసే పొరపాట్లు మాత్రం ఆశ్చర్యం కలిగించేంతగా ఒకే తీరులో ఉంటాయి. వాటిలో సాంకేతిక పరిజ్ఞానం కొరవడి జరిగేవి తక్కువే. ఒక మనిషి తన ఈమెయిల్ చిరునామాను ఫలానా అవసరం కోసమే ఇచ్చాడన్న సంగతిని, ఆ చిరునామా జాబితాలో చేరిన మరుక్షణమే సంస్థ మరిచిపోవడం చాలా పొరపాట్లకు మూలమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అడగనివారికి ప్రచార సందేశం పంపే అలవాటు నిన్న మొన్న పుట్టింది కాదు. 1978 మే నెలలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ల సంస్థలో మార్కెటింగ్ చూసే గ్యారీ థర్క్, తమ కొత్త యంత్రాల ప్రదర్శనకు రావలసిందిగా ఆర్పానెట్‌లో ఉన్న సుమారు 400 మందికి ఒకే సందేశాన్ని పంపించారు. నేటి ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆ నెట్‌వర్క్‌ను పరిశోధనల కోసం ఏర్పాటు చేశారు గనుక వెంటనే ఫిర్యాదులు వచ్చాయి, నిర్వాహకులు మందలించారు. అయినా ఆ సందేశం వల్ల తమకు అమ్మకాలు బాగా జరిగాయని ఆయన తర్వాతి కాలంలో చెబుతూ వచ్చారు. నా దృష్టిలో అసలు చిక్కు అక్కడే ఉంది. వచ్చిన అమ్మకం లెక్కల్లో కనిపిస్తుంది. విసుగు చెంది ఆ సంస్థ పేరు వింటేనే మొహం తిప్పుకున్నవారి సంఖ్య ఏ లెక్కల్లోనూ కనిపించదు. అందుకే "అందరికీ పంపేద్దాం, పోయేదేముంది" అన్న మాట ఈనాటికీ సమావేశాల్లో వినిపిస్తూనే ఉంది.

పోయేది చాలానే ఉంది. చిరునామాల జాబితాను కొనుక్కుని పంపే సంస్థలనే తీసుకుందాం. అమ్మకానికి పెట్టిన జాబితాలో ఉన్నవారెవరూ ఈ సంస్థకు అనుమతి ఇచ్చి ఉండరు, చాలామంది దాని పేరైనా విని ఉండరు. పైగా అలాంటి జాబితాల్లో ఎప్పుడో మూతపడిన ఖాతాలు, వెబ్ పేజీల నుంచి ప్రోగ్రాములు ఏరి తెచ్చిన చిరునామాలు, వాటితో పాటు స్పామ్ పంపేవారిని పట్టుకోవడానికే ప్రత్యేకంగా సృష్టించిన చిరునామాలు కూడా కలిసి ఉంటాయి. ఈ చివరి రకం చిరునామాలను ఎవరూ వాడరు, ఏ ఫారంలోనూ రాయరు. కాబట్టి వాటికి ఒక ప్రచార సందేశం చేరిందంటే పంపినవారు అనుమతి లేకుండా పంపుతున్నారని తేలిపోయినట్టే. 1998 నుంచి పనిచేస్తున్న స్పామ్‌హౌస్ వంటి సంస్థలు ఇలాంటి ఆధారాలతో నిరోధక జాబితాలను తయారు చేస్తాయి, అనేక మెయిల్ సర్వర్లు వాటిని చూసిన తర్వాతే సందేశాన్ని లోపలికి రానిస్తాయి. ఒకసారి అందులోకి ఎక్కిన డొమైన్ (ఈమెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చే పేరు) నుంచి వెళ్లే ఏ సందేశానికైనా ఇబ్బందే. ఎన్నో ఏళ్లుగా కొంటున్న వినియోగదారుకు వెళ్లవలసిన బిల్లు, పాస్‌వర్డ్ మార్చుకునే లింకు, ఉద్యోగానికి ఎంపికైన అభ్యర్థికి రాసిన ఉత్తరం కూడా స్పామ్ ఫోల్డర్‌లో పడిపోతాయి. ప్రచారానికి వేరే ఉపడొమైన్ (అదే డొమైన్ కింద మరో పేరు) వాడితే ఈ నష్టం కొంత తగ్గుతుంది గానీ, మూలంలో ఉన్న తప్పు అలాగే ఉంటుంది.

కొనుక్కున్న జాబితా తప్పని ఒప్పుకునే సంస్థలు కూడా తమ సొంత జాబితా విషయంలో అంతే నిర్లక్ష్యంగా ఉండడం తరచూ చూస్తుంటాను. రసీదు పంపడానికని తీసుకున్న చిరునామాకు వారం తిరగకుండానే ప్రకటనలు మొదలవుతాయి. ఒక సదస్సుకు పేరు నమోదు చేసుకున్న పాపానికి, ఆ సదస్సుకు డబ్బు ఇచ్చిన సంస్థలన్నింటి నుంచీ సందేశాలు వస్తాయి. ఫారం చివర ముందే టిక్ పెట్టి ఉంచిన గడిని గమనించకుండా వదిలేసినవారందరినీ సమ్మతించినవారిగా లెక్క వేస్తారు. ఐరోపా సమాఖ్యలో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం సమ్మతిని మనిషి తనంతట తాను, స్పష్టంగా తెలియజేయాలి. ముందే టిక్ పెట్టిన గడి సమ్మతి కిందికి రాదని ఆ సమాఖ్య న్యాయస్థానం 2019 అక్టోబరులో, కుకీలకు సంబంధించిన ఒక కేసులో తీర్పు చెప్పింది. అమెరికాలో 2003లో చేసిన క్యాన్‌స్పామ్ చట్టం ముందస్తు అనుమతిని తప్పనిసరి చేయలేదు గానీ, మోసపుచ్చే సబ్జెక్ట్ లైన్ ఉండకూడదని, పంపినవారి తపాలా చిరునామా ఉండాలని, వద్దన్నవారి కోరికను 10 పనిదినాల్లోగా మన్నించాలని చెబుతుంది. దేశాన్ని బట్టి చట్టం మారుతుంది గనుక, ఎక్కడ తక్కువ అడుగుతారో చూసుకుని అంతవరకే పాటించే సంస్థలున్నాయి. అది తెలివైన పని కాదని నా అభిప్రాయం, ఎందుకంటే ఇన్‌బాక్స్ తెరిచిన మనిషి స్పామ్ బటన్ నొక్కే ముందు ఏ చట్టాన్నీ తిరగేసి చూడడు.

నిజమైన అనుమతి తీసుకోవడం కష్టమైన పని కూడా కాదు. ఫారం నింపిన వెంటనే ఒక నిర్ధారణ సందేశం పంపి, అందులోని లింకును నొక్కినవారిని మాత్రమే జాబితాలో చేర్చుకునే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. అక్షరం తప్పుగా టైపు చేసిన చిరునామాలు, మరొకరి పేరుతో ఇచ్చినవి, ప్రోగ్రాములు నింపినవి అక్కడే ఆగిపోతాయి. ఏ విషయాల మీద, ఎన్నాళ్లకు ఒకసారి సందేశం వస్తుందో ఆ ఫారంలోనే ఒక వాక్యంలో చెబితే, వచ్చిన సందేశాన్ని చూసి "వీరెవరు, నాకెందుకు రాశారు" అని ఆశ్చర్యపోయే పరిస్థితి ఉండదు. ఈ పద్ధతి వద్దనేవారు నాకు ఎప్పుడూ చెప్పే కారణం ఒక్కటే: నిర్ధారించనివారిని వదిలేస్తే జాబితా చిన్నదవుతుంది. నిజమే, చిన్నదవుతుంది. మిగిలినవారు మాత్రం వినడానికి సిద్ధంగా ఉన్నవారు.

జాబితా నుంచి బయటికి వెళ్లే దారి గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే సంస్థ స్వభావం బయటపడేది అక్కడే. ఈమధ్య నేను చూసిన ఒక ప్రచార సందేశంలో అన్‌సబ్‌స్క్రైబ్ అన్న మాటే లేదు. సందేశం అట్టడుగున, తెల్లని నేపథ్యం మీద లేత బూడిద రంగులో, మిగతా అక్షరాల్లో సగం పరిమాణంలో "మీ ప్రాధాన్యాలు" అన్న లింకు ఉంది. దాన్ని నొక్కితే లాగిన్ పేజీ వచ్చింది. పాస్‌వర్డ్ గుర్తులేనివారు దాన్ని మార్చుకోవడానికి మరో ఈమెయిల్ కోసం ఎదురుచూడాలి. లోపలికి వెళ్లాక ఆఫర్లు, వార్తలు, సర్వేలు, భాగస్వాముల సందేశాలు అంటూ వరుసగా ఎన్నో మీటలు, అన్నీ ఆన్ చేసి ఉన్నాయి. ఒక్కొక్కటిగా ఆపుకుంటూ రావాలి తప్ప అన్నింటినీ ఒకేసారి ఆపే వీలు లేదు. చివరికి "నేను కొనసాగుతాను" అన్న బటన్‌కు నిండైన ఆకుపచ్చ రంగు, మార్పులను భద్రపరిచే బటన్‌కు కనీకనిపించని రంగు వేశారు. అది నొక్కాక, మార్పులు అమల్లోకి రావడానికి కొన్ని వారాలు పట్టవచ్చని ఒక వాక్యం ప్రత్యక్షమైంది. ఈ పేజీ దానంతట అది తయారు కాలేదు. ఎవరో ఆలోచించి గీశారు, మరెవరో చూసి ఆమోదించారు, వెళ్లిపోవాలనుకున్న మనిషి అలసిపోవాలని కోరుకున్నారు.

అలసిపోయిన మనిషి ఏం చేస్తాడో వారు ఊహించలేదు. అంత ఓపిక లేనివారందరికీ చేతికి అందుబాటులో మరో బటన్ ఉంది: ఇది స్పామ్ అని మెయిల్ సంస్థకు ఫిర్యాదు చేసే బటన్. ఒక మనిషి నిశ్శబ్దంగా వెళ్లిపోతే సంస్థకు ఒక చిరునామా మాత్రమే తగ్గుతుంది; అదే మనిషి ఫిర్యాదు చేస్తే మిగిలినవారికి చేరవలసిన సందేశాలకు కూడా ఎసరు వస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ సంస్థలు పెద్ద సంఖ్యలో సందేశాలు పంపేవారికి కొత్త నిబంధనలు అమలు చేయడం మొదలుపెట్టాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 లేదా అంతకు మించి సందేశాలు పంపేవారు ప్రచార సందేశాల్లో ఒక్క నొక్కుతో బయటపడే ఏర్పాటు చేయాలి, ఆ కోరికను 2 రోజుల్లో మన్నించాలి, స్పామ్ ఫిర్యాదులను 0.3 శాతానికి చేరనివ్వకూడదు. గూగుల్ అయితే 0.1 శాతం లోపే ఉంచుకోమని సలహా ఇస్తుంది. అంటే వెయ్యి మందిలో ముగ్గురు విసుగు చెంది ఆ బటన్ నొక్కితే చాలు, ప్రమాదంలో పడినట్టే. ఒక్క నొక్కుతో బయటపడే సాంకేతిక పద్ధతికి ప్రమాణం 2017లోనే వచ్చింది. ఇన్నేళ్ల పాటు దాన్ని అమలు చేయకపోవడానికి చాలా సంస్థలకు ఉన్న అడ్డంకి ఇష్టం లేకపోవడమే.

ఆ నిబంధనల్లోనే పంపినవారి గుర్తింపుకు సంబంధించిన ఏర్పాట్లు కూడా ఉన్నాయి. ఈ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు సందేశాలు పంపవచ్చో ఎస్‌పీఎఫ్ చెబుతుంది, సందేశం దారిలో మారలేదనడానికి డీకిమ్ సంతకం లాంటిది, ఈ రెండూ సరిపోనప్పుడు ఏం చేయాలో డీమార్క్ చెబుతుంది. ఇవి డొమైన్ సెట్టింగుల్లో రాయవలసిన కొద్దిపాటి వరుసలు మాత్రమే. వీటిని ఒకసారి పెట్టి వదిలేసి, తర్వాత కొత్త మెయిల్ సేవకు మారినప్పుడు ఆ కొత్త సర్వర్లను చేర్చడం మరిచిపోయే సంస్థలు ఎక్కువ.

ఇప్పుడు కొలతల సంగతి. ప్రచారం ఎలా జరిగిందని యాజమాన్యం అడిగినప్పుడు మొదట చూపించేది ఎంత శాతం మంది సందేశాన్ని తెరిచారన్న అంకె. సందేశంలో కంటికి కనిపించనంత చిన్న బొమ్మను పెట్టి, ఆ బొమ్మ సర్వర్ నుంచి దిగుమతి అయిన ప్రతిసారీ ఒకరు తెరిచినట్టు లెక్కించడం ఈ అంకె వెనుక ఉన్న పద్ధతి. 2021 సెప్టెంబరులో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో గోప్యతా రక్షణను ప్రవేశపెట్టిన తర్వాత, దాన్ని ఎంచుకున్నవారి విషయంలో మనిషి సందేశాన్ని చూసినా చూడకపోయినా ఆ బొమ్మలను ఆపిల్ సర్వర్లే ముందుగా దించుకుంటున్నాయి. కాబట్టి ఎవరూ తెరవని సందేశాలు కూడా తెరిచినట్టు నమోదవుతాయి. క్లిక్కుల లెక్క కూడా పూర్తిగా నమ్మదగినది కాదు, ఎందుకంటే కార్యాలయాల మెయిల్ వ్యవస్థల్లో ఉండే భద్రతా సాఫ్ట్‌వేర్ ప్రమాదకరమైన లింకులను వెతికే క్రమంలో అన్ని లింకులనూ తానే నొక్కి చూస్తుంది. ఈ సంగతి తెలిసి కూడా, పెరుగుతూ కనిపించే అంకె అందరికీ సంతోషాన్నిస్తుంది గనుక, చాలా నివేదికల మొదటి పేజీలో ఇంకా తెరిచినవారి శాతమే ఉంటుంది. నన్ను అడిగితే ఎంతమంది జవాబు రాశారు, ఎంతమంది కొన్నారు లేదా విరాళం ఇచ్చారు, ఎంతమంది వెళ్లిపోయారు, ఎంతమంది ఫిర్యాదు చేశారు అన్నవే చూడమని చెబుతాను. వీటిలో చివరి రెండింటినీ నివేదికలో చేర్చే సంస్థలు నాకు అరుదుగా కనిపించాయి.

కొలత తప్పినప్పుడు రాత కూడా తప్పుతుంది. తెరిచినవారి శాతమే లక్ష్యమైతే, ఎలాగైనా తెరిపించే సబ్జెక్ట్ లైన్ రాయడమే పనిగా మారుతుంది. ఎప్పుడూ ఉత్తరం రాయని మనిషికి జవాబు ఇస్తున్నట్టు మొదట్లో "రీ" అని పెట్టడం, ప్రతి వారం "ఇదే చివరి అవకాశం" అనడం, ఖాతాకు ఏదో జరిగిందన్నట్టు భయపెట్టడం అన్నీ ఈ కోవలోవే. తెరిచిన మనిషికి మోసపోయానన్న భావం మిగులుతుంది, తర్వాతి సారి నిజంగానే చివరి అవకాశం వచ్చినా అతను నమ్మడు.

సబ్జెక్ట్ లైన్‌ను శ్రద్ధగా పరీక్షించడం మాత్రం వేరే సంగతి, అది చేయదగిన పని. 2012 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఒబామా ప్రచార బృందం విరాళాలు కోరే సందేశాలను ముందుగా చిన్న చిన్న సమూహాలకు రకరకాల సబ్జెక్ట్ లైన్లతో పంపి, ఫలితం చూసి మిగతావారికి పంపేది. ప్రత్యర్థి తనకంటే ఎక్కువ ఖర్చు పెట్టబోతున్నాడని అధ్యక్షుడే చెబుతున్నట్టు రాసిన ఒక సందేశం 26 లక్షల డాలర్లకు పైగా తెచ్చింది. అదే పరీక్షలో అన్నింటికంటే వెనుకబడిన సబ్జెక్ట్ లైన్‌తో పంపి ఉంటే సుమారు 4 లక్షలే వచ్చేవని వారి అంచనా. ఏది గెలుస్తుందో ముందుగా ఊహించడంలో ఆ బృందంలోని అనుభవజ్ఞులు కూడా తరచూ పొరబడేవారు. పరీక్షిస్తున్నామని చెప్పుకునే చాలా సంస్థలు ఒకేసారి సబ్జెక్ట్ లైన్‌నూ, బొమ్మనూ, పంపే సమయాన్నీ మార్చేస్తాయి, ఆపైన కొద్దిమంది క్లిక్కుల తేడాను చూసి నిర్ణయానికి వచ్చేస్తాయి. అలా చేసినప్పుడు దేనివల్ల తేడా వచ్చిందో, అసలు అది తేడాయేనో ఎవరూ చెప్పలేరు.

సందేశం లోపలి లోపాలు పాఠకుడికి వెంటనే కనిపిస్తాయి, పంపినవారికే కనిపించవు. మొత్తం సందేశాన్ని ఒకే పెద్ద బొమ్మగా తయారు చేసి పంపితే, బొమ్మలు చూపించని మెయిల్ యాప్‌లో అది ఒక ఖాళీ చతురస్రం. తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడే అంధులకు అందులో ఒక్క మాట కూడా ఉండదు. సందేశం కోడ్ 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ దాన్ని మధ్యలో కత్తిరించి, మిగతాది చూడాలంటే మరో లింకు నొక్కమంటుంది. కత్తిరింపులో పోయే భాగం అడుగున ఉన్నది గనుక, బయటికి వెళ్లే లింకు కూడా అందులోనే పోతుంది. పేరు ఉండవలసిన చోట వంకర బ్రాకెట్ల మధ్య సాఫ్ట్‌వేర్ పదం అలాగే మిగిలిపోయిన సందేశాలు నేటికీ వస్తున్నాయి. పేరు తెలియనివారి కోసం అక్కడ ఏం రావాలో ముందే రాసి పెట్టి, పేరు లేని ఒక నమూనా చిరునామాకు పంపి చూస్తే ఆ తప్పు జరగదు. వీటన్నింటికంటే నన్ను బాధించేది జవాబు ఇవ్వడానికి వీలు లేని చిరునామా నుంచి పంపడం. "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది" అని రాసి, ఆ అభిప్రాయాన్ని చెప్పబోయిన మనిషికి "ఈ చిరునామాను ఎవరూ చూడరు" అన్న జవాబు పంపించే సంస్థ తన పాఠకుడి గురించి ఏమనుకుంటున్నదో దాచుకోలేదు.

ఈమెయిల్ బయట జరిగే ప్రచారంలోనూ ఇదే గుడ్డితనం ఉంది. తమ పేరునే వెతికేవారికి తమ ప్రకటనను చూపించడానికి డబ్బు చెల్లించి, వచ్చిన ప్రతి కొనుగోలునూ ఆ ప్రకటన ఖాతాలో వేసుకునే సంస్థలు అసంఖ్యాకం. 2012లో ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ ఈబే తన పేరుతో జరిగే వెతుకులాటల మీద ప్రకటనలను ఆపి చూసినప్పుడు, పోయిన క్లిక్కులు దాదాపు మొత్తంగా ఉచిత ఫలితాల గుండా తిరిగి వచ్చాయి. ఆ ప్రయోగాల మీద ఆర్థికవేత్తలు థామస్ బ్లేక్, క్రిస్ నోస్కో, స్టీవెన్ టాడెలిస్ రాసిన పరిశోధన పత్రం 2015లో వెలువడింది. తరచుగా కొనేవారి మీద ప్రకటనల ప్రభావం లేదనీ, కొత్తవారి మీద, అరుదుగా వచ్చేవారి మీద మాత్రమే కొంత ఉందనీ అందులో తేలింది. ఎలాగూ వచ్చేవారిని తీసుకురావడానికి ఖర్చు పెడుతున్నామా అన్న ప్రశ్నకు జవాబు తెలియాలంటే కొన్నాళ్లు ప్రకటన ఆపి చూడాలి, ఆ ధైర్యం చేసే మార్కెటింగ్ విభాగాలు తక్కువ. అలాగే, మొత్తం పాఠకులను ఒక సామాజిక మాధ్యమం మీదే పోగు చేసుకున్న సంస్థలకు ఆ మాధ్యమం తన పద్ధతి మార్చుకున్నప్పుడు దిక్కు తోచదు. 2018 జనవరిలో ఫేస్‌బుక్ సంస్థల పేజీల కంటే స్నేహితుల, కుటుంబసభ్యుల పోస్టులకు ప్రాధాన్యం ఇస్తామని ప్రకటించింది. 2019 ఏప్రిల్‌లో గూగుల్ ప్లస్ సాధారణ వాడుకదారులకు పూర్తిగా మూతపడింది. అనుమతితో సంపాదించుకున్న ఈమెయిల్ జాబితాకు విలువ ఉండేది ఈ కారణం చేతనే, దాన్ని చేజేతులా పాడు చేసుకోవడం చూస్తే బాధ కలిగేది కూడా ఇందుకే.

ఎన్ని నెలలైనా స్పందించనివారి పేర్లను జాబితాలో ఉంచుకోవడం మరో పొరపాటు. వారిని తొలగించమంటే సంఖ్య తగ్గుతుందని యాజమాన్యం భయపడుతుంది. కానీ వదిలేసిన చిరునామాలను కొంతకాలం తర్వాత కొన్ని మెయిల్ సంస్థలు స్పామ్‌ను పట్టుకునే చిరునామాలుగా మార్చేస్తాయి, అప్పుడు ఒకప్పటి నిజమైన చందాదారు చిరునామాయే సంస్థకు హాని చేస్తుంది. ఇంకా సందేశాలు కావాలా అని సూటిగా అడుగుతూ ఒక ఉత్తరం రాయాలి, జవాబు రాకపోతే ఆ పేరును తీసివేయాలి. తెరిచినవారి లెక్క నమ్మదగినది కాదని పైన చెప్పాను గనుక, స్పందన అంటే క్లిక్, జవాబు, కొనుగోలు వంటివన్నీ కలిపి చూసుకోవాలి.

తీసివేసిన పేర్లను, వద్దని చెప్పి వెళ్లిపోయినవారి పేర్లను పూర్తిగా చెరిపివేయకుండా విడిగా ఒక పంపకూడని జాబితాలో ఉంచాలి. ఈ జాగ్రత్త లేకపోవడం వల్ల జరిగే అన్యాయం సంస్థలు ఒక మెయిల్ సేవ నుంచి మరొకదానికి మారినప్పుడు బయటపడుతుంది. పాత సేవ నుంచి చిరునామాలన్నింటినీ ఒక ఫైలులో దించుకుని కొత్తదానిలోకి ఎక్కిస్తారు. ఎవరు వెళ్లిపోయారన్న సమాచారం మాత్రం పాత సేవలోనే ఉండిపోతుంది, ఆ ఖాతాను కొద్ది రోజుల్లో మూసేస్తారు. ఎప్పుడో వెళ్లిపోయిన మనుషులకు మళ్లీ సందేశాలు మొదలవుతాయి. వారు అప్పుడే ఒకసారి మర్యాదగా వద్దని చెప్పారు గనుక ఈసారి నేరుగా ఫిర్యాదు చేస్తారు, ఆ ఫిర్యాదులన్నీ కొత్త సేవలో సంస్థకు ఇంకా పేరు కుదురుకోని మొదటి వారాల్లోనే వచ్చి పడతాయి. కాబట్టి సేవ మారాలని నిర్ణయించిన రోజే, చిరునామాల ఫైలు కంటే ముందుగా ఈ పంపకూడని జాబితాను దించుకుని, కొత్త సేవలో మొట్టమొదట దాన్నే ఎక్కించి, మిగతా పేర్లను దానితో సరిచూసుకున్న తర్వాతే మొదటి సందేశం పంపాలి.